అతను ఇబ్బందిగా ఉందన్నాక ఆ కథలు ఉంచాలా?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్లు. మాది గుంటూరు దగ్గర ఊరు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఇంటర్ నుంచీ ఒక కొరియన్ బ్యాండ్ అంటే ప్రాణం. అందులో ఇద్దరిని ప్రేమికులుగా ఊహించి మూడేళ్లుగా మారుపేరుతో కథలు రాస్తున్నాను. కొన్నింట్లో పడకగది సన్నివేశాలు దాపరికం లేకుండా రాశాను. పెద్దలకు మాత్రమే అని ముందే పెట్టాను. చదివేవాళ్లు బాగానే ఉన్నారు. పోయిన నెల ఆ ఇద్దరిలో ఒకతను లైవ్‌లో మాట్లాడుతూ, మా మీద అలాంటి కథలు వస్తున్నాయని తెలుసు, చూసినప్పుడు ఇబ్బందిగా ఉంటుంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా గ్రూపులో ఒకమ్మాయి "స్టార్ అయ్యాక ఇవన్నీ భరించాల్సిందే" అంటుంది. ఇంకొకామె ఇలాంటివి రాసేవాళ్లందరి లిస్టు తయారు చేసి రిపోర్ట్ కొట్టిద్దాం అంటుంది. మూడో ఆమె నా కథకి ఏఐతో బొమ్మలు చేసిస్తుందట, వాళ్లిద్దరినీ ట్యాగ్ చేసి పెడదాం అంటోంది. ఇది చాలదన్నట్టు మా పెద్దమ్మ కొడుకు నా ఫోన్లో ఒక కథ చూశాడు. అమ్మకి చెప్తానని బెదిరిస్తున్నాడు. అన్నీ డిలీట్ చేసేయాలా? ఇలాంటివి రాశానంటే నాలోనే ఏదో తేడా ఉందా?
– ఎస్., హైదరాబాద్

సమాధానం: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదేదీ నీ తలకెక్కదు. నీలో తేడా ఏమీ లేదు.

నీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆడపిల్లనై ఉండి ఇలాంటివి రాశానే అన్న సిగ్గు ఒకటి. ఒక మనిషిని ఇబ్బంది పెట్టానేమో అన్న దిగులు రెండోది. ఆ సిగ్గు నీకు ఇల్లూ ఊరూ కలిసి నేర్పినది. దిగులు మాత్రం అచ్చంగా నీది, మంచి మనసులోంచి వచ్చింది. సిగ్గును కాసేపు పక్కన పెట్టి, ఆ దిగులు సంగతి చూద్దాం.

సిగ్గు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. శృంగారం రాసిన తెలుగు ఆడవాళ్లలో నువ్వు మొదటిదానివి కాదు. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాధాకృష్ణుల శృంగారాన్ని ఏ మొహమాటం లేకుండా రాసింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని తిరిగి అచ్చు వేయిస్తే, అశ్లీలమని అప్పటి ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి టంగుటూరి ప్రకాశం పంతులు గారి హయాం దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పుస్తకాన్ని విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. ముద్దుపళనికి వందేళ్ల ముందు, అదే తంజావూరులో రంగాజమ్మ అనే కవయిత్రి ఉండేది. ఆమె బతికున్న రాజునే నాయకుడిగా పెట్టి ప్రేమ కథ రాసింది. ఆ రాజు విజయరాఘవ నాయకుడు ఆమెకు కనకాభిషేకం చేయించాడు. అంటే నిజం మనిషి మీద ప్రేమ కథ అల్లడం ఇంటర్నెట్‌తో పుట్టిన రోగం కాదు.

కానీ అక్కడొక తేడా ఉంది, నీ ప్రశ్నంతా దాని చుట్టూనే తిరుగుతుంది. విజయరాఘవుడికి నచ్చకపోతే ఆ పద్యాలను ఆ పూటే ఆపించగలడు. నీ గాయకుడికి ఆ వీలు లేదు. అతను చేయగలిగినదల్లా ఒక లైవ్‌లో నవ్వుతూ "ఇబ్బందిగా ఉంటుంది" అనడమే.

ఆ నవ్వు గురించి కాస్త ఆలోచించు. అభిమానుల మీద కోపం చూపించడం అతని ఉద్యోగంలో కుదరదు. ఆల్బమ్ కొనేది వాళ్లే, స్టేడియం నింపేది వాళ్లే. మన దగ్గర కూడా సినిమా ఫంక్షన్లో ఎవరో అసభ్యంగా అరిస్తే స్టేజి మీద ఉన్న హీరోయిన్ నవ్వి ఊరుకోవడం ఎన్నిసార్లు చూడలేదు? ఆ నవ్వుకి అర్థం నచ్చిందని కాదని ఆడవాళ్లందరికీ తెలుసు. అలాంటి చోట నుంచి ఒక మనిషి ఇబ్బందిగా ఉందని పైకి అన్నాడంటే, లోపల అంతకు రెండింతలు ఉందనుకోవడమే న్యాయం. నీకు నిద్ర పట్టనిది కూడా అందుకే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రకం కథలకు ఒక చరిత్ర ఉంది. 1966లో అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ మొదలైంది. అందులో కిర్క్, స్పాక్ అనే ఇద్దరు స్నేహితుల పాత్రలను ప్రేమికులుగా ఊహించి, 1970లలో కొందరు ఆడవాళ్లు కథలు రాశారు. సొంతంగా అచ్చు వేసుకున్న చిన్న పత్రికల్లో పెట్టి పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. రెండు పేర్ల మధ్య గీత పెట్టేవారు కాబట్టి ఈ రకం రాతలకు స్లాష్ అనే పేరు వచ్చింది. నువ్వు కూడా ఆ దారిలోనే వచ్చావు. ఆ దారిలో రాయడం నేర్చుకున్నవాళ్లు, తమ మనసు తాము తెలుసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ వాళ్లు రాసింది పాత్రల మీద. స్పాక్ పొద్దున్నే లేచి ఫోన్ చూసుకోడు. స్పాక్ చెల్లెలికి ఎవరూ లింకు పంపరు. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చాక విదేశీ అభిమానులు రామ్, భీమ్ పాత్రలను జంటగా ఊహించి కథలు రాశారు, అవీ పాత్రల మీదే. (అల్లూరి, కొమురం భీం పేర్లు మనకు ఉత్త పాత్రల పేర్లు కావు కాబట్టి అవి చదివితే మనలో చాలామందికి బాధ కలుగుతుంది. అది వేరే చర్చ.) నువ్వు రాస్తున్నది పాత్ర మీద కాదు. అసలు పేరు, అసలు ముఖం, అసలు స్నేహం ఉన్న మనుషుల మీద. ఈ తేడాను ఫ్యాన్ ఫిక్షన్ (అభిమానులు అల్లే కథలు) లోకం కూడా మొదటి నుంచీ గుర్తిస్తూనే ఉంది. ఆ రోజుల్లో అతి పెద్దదైన ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ అనే సైటు 2002లో నిజం మనుషుల మీద కథలు పెట్టొద్దంది. ఆ తర్వాత అభిమానులే నడుపుకుంటున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ మాత్రం ఒప్పుకుంటుంది.

కొరియాలో అయితే ఈ వ్యవహారం ఇంకా చిత్రంగా నడిచింది. అక్కడ 1990ల నుంచే బ్యాండ్ల మీద అభిమానులు కథలు రాస్తున్నారు. 2006లో ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీయే అభిమానుల కథలకు పోటీ పెట్టింది. అలాంటి చోటే 2021 జనవరిలో, నిజం మనుషుల మీద రాసే లైంగిక కథల రచయితలను శిక్షించాలని అధ్యక్ష భవనానికి వెళ్లిన పిటిషన్ మీద కొద్ది రోజుల్లోనే రెండు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఈ కథలకు గురవుతున్నవాళ్లలో చాలామంది ఇంకా మైనర్లు, ఇప్పుడిప్పుడే రంగంలోకి వచ్చినవాళ్లు అన్నది అందులో ముఖ్యమైన వాదన. ఆ మాటలో నిజం ఉంది. కొరియన్ బ్యాండ్లలో 15, 16 ఏళ్లకే స్టేజి ఎక్కేవాళ్లున్నారు. నువ్వు రాసిన కథల్లో ఎక్కడైనా వాళ్లు స్కూల్లో ఉన్నట్టో, 18 నిండని వయసులో ఉన్నట్టో పడకగది సన్నివేశం ఉంటే, ఈ ఉత్తరం ఇక్కడే ఆపి ముందు దాన్ని తీసెయ్. మన ఐటీ చట్టంలో 67బి సెక్షన్ పిల్లలను లైంగికంగా చూపించే బొమ్మలతో పాటు రాతలను కూడా నేరంగానే చూస్తుంది. చట్టం సరే, అది లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని.

"స్టార్ అయ్యాక భరించాల్సిందే" అన్న నీ స్నేహితురాలికి లూయిస్ టామ్లిన్సన్ సంగతి చెప్పు. వన్ డైరెక్షన్ బ్యాండ్‌లో అతన్నీ హ్యారీ స్టైల్స్‌నీ జంట చేసి లక్షల మంది ఊహించుకున్నారు. రాసుకోవడంతో ఆగలేదు. అది నిజమేననీ, కంపెనీ దాచిపెడుతోందనీ నమ్మారు. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకున్న ప్రతి చూపునూ వీడియోలో ఆపి రుజువులు వెతికారు. ఇద్దరి మధ్య మామూలుగా ఉండే చనువు దానివల్ల పోయిందని, ఒకరి దగ్గర ఒకరు జాగ్రత్తగా ఉండాల్సి వచ్చిందని తర్వాత లూయిస్ చెప్పాడు. ఒక స్నేహం మీద ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది? 2019లో యుఫోరియా అనే టీవీ సీరియల్ వాళ్లిద్దరి మీద ఒక అభిమాని రాసిన శృంగార కథ అంటూ కార్టూన్ సన్నివేశం చూపించింది. తననెవరూ అడగలేదని, తాను ఒప్పుకోలేదని అతను బయటికి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇందులో నేను గమనించింది ఒకటుంది. ఎక్కువ హాని చేసింది పడకగది సన్నివేశం కాదు. ఆ కథ గోడ దాటి అతని జీవితంలోకి రావడం, ఇది నిజమేనని ఒప్పుకో అని అతన్ని నిలదీయడం. అభిమానుల మధ్య అభిమానుల కోసం రాసుకున్న ఊహ ఒకటి, ఆ ఊహను తీసుకెళ్లి ఆ మనిషి ముందు పెట్టడం ఇంకొకటి. ఆ గోడ అవతలివాళ్లకే కాదు, మనకూ రక్షణే. 2013లో లండన్‌లో షెర్లాక్ సీరియల్ ప్రివ్యూకి వచ్చిన ఇద్దరు నటుల చేతికి, వాళ్ల పాత్రల మీద ఒక అభిమాని రాసిన కథను ఇచ్చి అందరి ముందూ చదివించారు. హాలంతా నవ్వులు. నటులు ఇబ్బంది పడ్డారు. ఆ కథ రాసినామెను అడిగినవాళ్లే లేరు, ఆమె చాలా బాధపడింది. అందుకే ట్యాగ్ చేయడం అన్న ఆలోచనకు నా జవాబు వద్దు అనే. డీఎంలో పంపడం, ఫ్యాన్‌కాల్‌లో (అభిమానులతో వాళ్లు మాట్లాడే వీడియో కాల్) చదివి వినిపించడం, కామెంట్లలో "మీ ఇద్దరూ నిజంగానే" అని అడగడం, ఏవీ వద్దు.

ఏఐ బొమ్మల మాటకు వస్తాను. ఇక్కడ నేను ఏ మాత్రం మెత్తబడను. కథ చదివేవాళ్లకి అది ఎవరో అల్లినదని తెలుస్తూనే ఉంటుంది. బొమ్మ అలా కాదు. అది సాక్ష్యంలా కనిపిస్తుంది. నీ సైటు దాటిన మరుక్షణం దాని మీద నువ్వు పెట్టిన హెచ్చరిక ఊడిపోతుంది, ముఖం మాత్రం మిగులుతుంది. 2023 నవంబర్లో రష్మికకు ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. లిఫ్టులోకి వచ్చిన వేరే అమ్మాయి వీడియోకి ఆమె ముఖం అతికించారు. ఇది తాను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని ఆమె రాసింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు దాన్ని చేసిన కుర్రాడిని ఆంధ్రప్రదేశ్‌లో పట్టుకున్నారు. ఇంజినీరింగ్ చదివినవాడు. ఆమె పేరు మీద ఫ్యాన్ పేజీ నడుపుతున్నాడు, దానికి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. చేసింది ఆమె శత్రువు కాదు, అభిమాని అని తెలిసినప్పుడు నాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను. 2025లో చిరంజీవి గారు కూడా తన ముఖంతో చేసిన అశ్లీల వీడియోల మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. కొరియాలో 2024లో చట్టం మార్చారు. అలాంటి డీప్‌ఫేక్ చేసినవాళ్లకే కాదు, తెలిసి దాచుకున్నా, చూసినా మూడేళ్ల వరకు జైలు. మీ స్నేహితురాలికి ఈ రోజే మెసేజ్ పెట్టు: నా కథకు నిజం ముఖాలతో బొమ్మలు వద్దు, చేసి ఉంటే తీసెయ్ అని. మొహమాటపడి రేపటికి వాయిదా వేయకు.

మన చట్టం గురించి ఇంకొక మాట. ఐటీ చట్టం 67ఏ కింద లైంగిక చర్యను స్పష్టంగా చూపించేది ఆన్‌లైన్‌లో పెడితే మొదటిసారికి ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉండొచ్చు. ఫొటోలకు, వీడియోలకు మాత్రమే అని ఆ సెక్షన్‌లో లేదు. కాబట్టి "రాతే కదా" అని ధీమాగా ఉండకు. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు, తెలిసి ఉండాలని చెప్తున్నాను.

మరి ఇప్పటికే ఉన్న కథలను ఏం చేయాలి? ఇబ్బందిగా ఉందన్న అతని మీద రాసిన పడకగది కథలను తీసెయ్. నీ దగ్గర కాపీ ఉంచుకో, అది నీ మూడేళ్ల శ్రమ. బయట మాత్రం ఉంచకు. అతను అనకముందు రాశావు, తెలియక రాశావు, దానికి నిన్ను నువ్వు శిక్షించుకోనక్కర్లేదు. అన్నాక కూడా ఉంచితే అది వేరు. "రెండో అతను ఏమీ అనలేదు కదా" అని నీకు అనిపించవచ్చు. జంటలో ఒకరు వద్దంటే ఆ జంట కథకు అదే జవాబు. అలాగే ఇంకెవరో నటుడు "నేనూ చదువుతాను, సరదాగా ఉంటాయి" అన్నాడనుకో, ఆ అనుమతి అతని వరకే. అతని భార్యకో, తోటి నటుడికో అది వర్తించదు.

ఏమీ చెప్పనివాళ్ల సంగతి? ఇక్కడ మంచివాళ్ల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. నా మటుకు నాకు, నిజం మనుషుల మీద స్నేహం, విరహం, ప్రేమ రాసుకో, పడకగది తలుపు దగ్గర ఆగు అని చెప్పాలనిపిస్తుంది. దాన్ని కూడా లాగిన్ అయినవాళ్లకే కనిపించేలా పెట్టుకో, అసలు ఫొటో కవర్‌గా వాడకు, వాళ్ల ఇంట్లోవాళ్లను కథలోకి లాగకు.

పడకగది రాయాలనుంటే? పేర్లు మార్చు. ఇది తప్పించుకునే ఎత్తు అనుకోకు. అన్నా టాడ్ అనే అమెరికన్ అమ్మాయి 2013లో హ్యారీ స్టైల్స్‌ను నాయకుడిగా పెట్టి ఫోన్లో వ్యాట్‌ప్యాడ్ అనే కథల సైటు మీద కథ రాయడం మొదలు పెట్టింది. మరుసటి ఏడాది అది పుస్తకంగా వచ్చినప్పుడు హ్యారీ పేరు హార్డిన్ అయింది. పేరు ఒక్కటీ మారిస్తే చాలదని నీకు రాస్తూ ఉంటేనే తెలుస్తుంది. ఆ ముఖం, ఆ పుట్టుమచ్చ, ఆ పాట పాడే తీరు చదివేవాళ్లకి ముందే తెలుసు కాబట్టి ఇన్నాళ్లూ నువ్వు వర్ణించాల్సిన పని పడలేదు. ఇప్పుడు ఆ ఇద్దరినీ మొదటి నుంచి నువ్వే కట్టాలి. వాళ్లలో ఒకడు మీ గుంటూరు మిర్చి యార్డులో లెక్కలు రాసేవాడు కావచ్చు, ఇంకొకడు ఎక్కడో నైట్ షిఫ్టు చేసి ఆఖరి మెట్రోలో ఇంటికి వచ్చేవాడు కావచ్చు. కొన్నాళ్లు చదివేవాళ్లు తగ్గుతారు, దానికి సిద్ధంగా ఉండు. పాఠకులు కొందరు ఆ బ్యాండ్ కోసం వచ్చారు, కొందరు నీ వాక్యం కోసం వచ్చారు. రెండో రకం వాళ్లు నీతోనే ఉంటారు.

లిస్టు తయారు చేసి రిపోర్ట్ కొట్టిద్దాం అంటున్న ఆమెతో కూడా వెళ్లకు. చైనాలో నటుడు షియావ్ ఝాన్ మీద ఎవరో రాసిన కథ నచ్చక 2020 ఫిబ్రవరి 27న అతని అభిమానులు మూకుమ్మడిగా ఫిర్యాదులు చేశారు. రెండు రోజుల్లో ఆ కథ ఉన్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ సైటు మొత్తం చైనాలో మూతపడింది. ఆ కథతో ఏ సంబంధం లేని లక్షల మంది రాసుకున్నదీ చదువుకున్నదీ పోయింది. వాళ్ల కోపం తిరిగి ఆ నటుడి మీదే పడింది. అతను ప్రచారం చేస్తున్న వస్తువులను కొనకూడదని ఉద్యమం నడిచింది. అతన్ని కాపాడాలని మొదలెట్టినవాళ్లే అతన్ని వీధిలోకి లాగారు. మన హీరోల అభిమానుల మధ్య రోజూ జరిగే యుద్ధాలు చూసినదానివి, నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. మైనర్ల మీద రాసినవి, డీప్‌ఫేక్‌లు కనిపిస్తే రిపోర్ట్ చెయ్, అందులో సందేహం వద్దు. మిగతావాళ్లకు అతను అన్న మాట చెప్పు, నువ్వు ఏం చేశావో చెప్పు, అక్కడితో వదిలెయ్.

ఇక మీ పెద్దమ్మ కొడుకు. ఉత్తరం మొత్తంలో నాకు కోపం తెప్పించింది ఇతనొక్కడే. నీ ఫోన్ నిన్ను అడగకుండా చూడటమే తప్పు, దాన్ని పట్టుకుని ఆడించడం ఇంకా పెద్ద తప్పు. అతని చేతిలో ఉన్న బలమంతా అమ్మకు తెలియదన్న ఒక్క విషయమే. అమ్మకు నువ్వే చెప్పు. మొత్తం వివరంగా చెప్పాల్సిన పని లేదు. "అమ్మా, నేను కథలు రాస్తాను, కొన్ని పెద్దవాళ్లు చదివేవి, ఒకటి రెండు రాయకుండా ఉండాల్సింది, తీసేశాను, అన్నయ్య దాన్ని పట్టుకుని నన్ను బెదిరిస్తున్నాడు" అంటే చాలు. మొదట తిడుతుంది, అది భరించు. సాధారణంగా అమ్మలకు కథ కన్నా బెదిరింపే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. చెప్పాక అతనికి ఒక్క మెసేజ్ పెట్టు, అమ్మకు తెలుసు అని. ఆ తర్వాత కూడా డబ్బనో, ఇంకోటనో అడిగితే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని హైదరాబాద్ షీ టీమ్స్‌కి చెప్పు, బంధువు కదా అని ఆగకు. ఈ రాత్రికి మాత్రం ఫోన్ లాక్ మార్చుకుని పడుకో.